నేను చెప్పని పన్నెండు రోజులు

ఆ ఏడు జూలై నుంచి రోజుకూలీల పేర్లు నెలనెలా ప్రభుత్వానికి పంపాలని రూలు వచ్చింది. అంతకుముందు మూడు నెలలకోసారి పంపేవాళ్ళం. మూడు నెలలకోసారి పంపేది ఎవరూ పట్టించుకోరు. నెలనెలా పంపేదాన్ని మాత్రం కంప్యూటరు చదువుతుంది, చదివి పక్క ఆఫీసు కంప్యూటరుకు చెబుతుంది. ఈ సంగతి తొంగ్యంగ్ తీరం పొడవునా ఉన్న ఆల్చిప్పల మాంసం ఒలిచే షెడ్ల ఓనర్లకు బుర్రకెక్కేలా చెప్పే పని మా ఆడిటరు ఓక్ గారు నాకు అప్పగించారు. ఆయనకు మోకాళ్ళ నొప్పులు. నాకు కారుంది, గొంతుంది, ఆ ఆఫీసులో పదిహేనేళ్ళ సర్వీసుంది.

సెప్టెంబరులో బోక్ సంగ్‌చల్ షెడ్డుకు వెళ్ళాను. సీజన్ ఇంకా మొదలుకాలేదు. నేలంతా కడిగి ఆరబెట్టారు. అయినా గోడల్లోంచి ఆల్చిప్పల వాసన వస్తూనే ఉంది. బోక్ నాకు కాగితం గ్లాసులో కాఫీ కలిపి ఇచ్చి, మాస్కు గడ్డం కిందికి లాక్కుని కూర్చున్నాడు.

"మా ఆడవాళ్ళు ఆల్చిప్పల్ని ఒలుస్తారు మేడం. ప్రభుత్వం నన్ను ఒలుస్తోంది," అన్నాడు.

"పేర్లు సరిగ్గా ఉంటే ఎవరూ ఒలవరు. తప్పు పేరుంటే జరిమానా. ఒక్కో పేరుకీ విడిగా వేస్తారు," అన్నాను.

పోయిన సీజన్ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. ముప్పై ఇద్దరు ఆడవాళ్ళు. ఎవరు ఎన్ని కిలోలు ఒలిచారో రోజువారీగా రాసి ఉంది. నలభై, నలభై అయిదు, కాస్త చురుకైనవాళ్ళకు యాభై. మేంగ్ దొక్‌సూన్ అనే పేరు పక్కన మాత్రం నూట పది, నూట పదిహేను.

"ఈ దొక్‌సూన్‌కి ఎన్ని చేతులండీ?"

బోక్ నవ్వాడు. "నాలుగు. రెండు ఆవిడవి, రెండు బూని పెద్దమ్మవి."

అప్పుడే నాకు మొత్తం తెలిసిపోయింది. అయినా అతని చేత చెప్పించాను. తాక్ బూనికి డెబ్బై ఒకటి. షెడ్డులో అందరికన్నా పెద్దది, అందరికన్నా చెయ్యి వేగం. ఆమె కూతురు మల్హీకి నలభై మూడేళ్ళు, రెండు కిడ్నీలూ పోయాయి, వారానికి మూడుసార్లు డయాలసిస్. ఇద్దరూ పేదల జాబితాలో ఉన్నారు కాబట్టి ఆస్పత్రి కార్డు ఉంది, చికిత్సకు దాదాపు ఖర్చులేదు. బూని సంపాదిస్తోందని పైకి తెలిస్తే కార్డు పోతుంది. అందుకని తొమ్మిదేళ్ళుగా ఆమె ఒలిచింది కూడా మేస్త్రి దొక్‌సూన్ పేరు మీదే రాస్తున్నారు. దానికి ప్రతిఫలంగా బూని ఏటా చుసోక్ పంటల పండక్కి దొక్‌సూన్‌కి ఒక సీసా నువ్వులనూనె ఇస్తుంది.

"ఒక్క సీసాయేనా?" అన్నాను.

"అదీ మడ్డి అడుగున ఉన్న సీసా అట. దొక్‌సూన్ ఏడుస్తుంటుంది."

దొక్‌సూన్ ఏడవడానికి అంతకన్నా పెద్ద కారణం ఆ ఆగస్టులో వచ్చింది. ఇంత సంపాదించే మనిషి కొడుకు ఆరోగ్య బీమాలో ఉచితంగా ఎలా ఉంటుంది, సొంతంగా కట్టుకోవాలి అని ఆమెకు ఉత్తరం వచ్చింది. ఉత్తరం పట్టుకుని బూని ఇంటికి వెళితే బూని చూసి, "నువ్వు గొప్పదానివయ్యావని ప్రభుత్వమే రాసిచ్చిందే. ఫ్రేము కట్టించుకో," అందట.

బూని నోరు అలాంటిది. ఆ నోటి సంగతి బోక్ నాకు చెప్పాల్సిన అవసరం లేదు.

మా అమ్మ పదకొండేళ్ళు బూని పక్కన కూర్చుని ఆల్చిప్పలు ఒలిచింది. చివరి సంవత్సరం అమ్మ వేళ్ళు వంకర్లు తిరిగిపోయాయి, పనిలో వెనకబడింది. ఒకరోజు కత్తి జారి గ్లౌజు చీల్చుకుని అరచేతిలో దిగింది. రక్తం బుట్టలో పడింది. తూకం దగ్గర బూని అమ్మ బుట్ట ఎత్తి అందరికీ చూపించి, "రక్తం బరువు తీసేసి తూచండి, లేకపోతే ఓనరుకి నష్టం," అంది. షెడ్డంతా నవ్విందట. అమ్మ కూడా నవ్వింది. ఇంటికొచ్చి, చేతికి కట్టు కట్టించుకుంటూ, ఈ సంగతి నాకు చెప్పేటప్పుడు కూడా నవ్వుతూనే చెప్పింది. మరుసటి సీజన్‌కి షెడ్డుకు వెళ్ళలేదు. చేపల మార్కెట్లో నేల కడిగే పనిలో చేరింది. చనిపోయేదాకా ఆ పనే చేసింది.

ఇది చెప్పింది నా తప్పును చిన్నది చేసుకోవడానికి కాదు. జరిగినవన్నీ చెబుతున్నాను, అందులో ఇదొకటి.

రెండు వారాల తర్వాత బూని మా ఆఫీసుకు వచ్చింది. పొట్టి మనిషి, నడుము వంగింది, కళ్ళు మాత్రం ఎక్కడా ఆగవు. కవర్లో ఎండబెట్టిన చిన్న చేపలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"నువ్వు ఆవిడ కూతురివి కదూ. అదే మొహం. మీ అమ్మా నేనూ పక్కపక్కనే ఒలిచేవాళ్ళం. మంచిది పాపం. చెయ్యి నెమ్మదిగానీ మనసు మంచిది."

"గుర్తుందా పెద్దమ్మా?"

"ఎందుకుండదు. ఎప్పుడూ నవ్వుతూ ఉండేది."

 ఆమెకు ఆ బుట్ట సంగతి గుర్తులేదు. గుర్తుండి బుకాయిస్తున్నా కాస్త నయంగా ఉండేది.

"ఓనరు భయపెడుతున్నాడు అమ్మాయ్. ఈసారి నా పేరే రాయాలంటున్నాడు. నాకు చదువు రాదు. నువ్వు చదువుకున్నదానివి. నా పేరు రాస్తే మల్హీ కార్డు ఉంటుందా, పోతుందా?"

జవాబు నాకు తెలుసు. మా ఆఫీసులో అందరికీ తెలుసు. నెలకు పన్నెండు రోజులు మించకుండా సొంత పేరు మీద పనిచేస్తే, ఆ వయసు వాళ్ళకు ఇచ్చే తగ్గింపులు పోను, బూని ఆదాయం హద్దు లోపలే ఉంటుంది. కార్డు పోదు. డబ్బు తగ్గుతుంది, కానీ ఎవరి పేరూ దొంగతనంగా వాడుకోనక్కర్లేదు. అలా ముగ్గురు ముసలివాళ్ళకు నేనే చెప్పాను, వేరే షెడ్లలో. చెప్పడానికి అర నిమిషం పట్టదు.

"అవన్నీ మా పని కాదు పెద్దమ్మా. మేం ఓనర్లకు చెప్పేవాళ్ళం. మీరు ఊరి ఆఫీసులో అడగండి," అన్నాను.

"అక్కడ అడిగితే నేను పనిచేస్తున్నట్టు నేనే చెప్పినట్టు కాదా?"

"అది మీరు ఆలోచించుకోవాలి."

ఆమె కాసేపు నా మొహంలోకి చూసింది. తర్వాత లేచి, చేపల కవరు వైపు ఒకసారి చూసి, దాన్ని వదిలేసే వెళ్ళింది. ఆ చేపలు నేను తినలేదు, పారేయనూ లేదు. ఫ్రిజ్‌లో పెట్టి మర్చిపోయాను.

అక్టోబరు మొదట్లో సహకార సంఘం హాల్లో ఓనర్లందరికీ శిక్షణ పెట్టారు. ఇరవై ఆరుమంది వచ్చారు. గోడ మీద బొమ్మలు వేసి చూపించాను. ఏ తేదీలోపు పంపాలి, గుర్తింపు నంబరు ఎక్కడ రాయాలి, ఆలస్యమైతే ఎంత పడుతుంది. పావుగంటకే సగం మంది ఫోన్లు తీశారు. ఒకాయన గురక పెట్టాడు. అప్పుడు నేను బొమ్మలు ఆపేసి, "ఒక షెడ్డులో నాలుగు చేతుల మేస్త్రి ఉంది," అన్నాను.

తలలు లేచాయి.

పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు. వేరేవాళ్ళ పేరు కింద దాక్కుని తొమ్మిదేళ్ళు పేదరికం కార్డు వాడుకున్న ముసలమ్మ గురించి చెప్పాను. నువ్వులనూనె సీసా గురించి చెప్పాను. మడ్డి గురించి కూడా చెప్పాను. హాలు పగలబడి నవ్వింది. వెనక నుంచి ఎవరో, "ఏం బోక్, మీ షెడ్డులో ఆల్చిప్పలతోపాటు ఆక్టోపస్‌ని కూడా పెంచుతున్నావా?" అన్నారు. బోక్ మెడ వెనక భాగం ఎర్రబడటం వేదిక మీద నుంచి నాకు కనిపించింది.

అందరూ శ్రద్ధగా విన్న శిక్షణ అదొక్కటేనని సంఘం అధ్యక్షుడు తర్వాత ఓక్ గారికి ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నాడు.

నవంబరు మొదట్లో, సీజన్ మొదటి రోజున బోక్ షెడ్డు మధ్యలో నిలబడి, గుర్తింపు కార్డు ఇవ్వనివాళ్ళు కత్తి ముట్టుకోవద్దన్నాడు. నేను ఆ రోజు కార్డుల కాపీలు తీసుకోవడానికి అక్కడే ఉన్నాను. ముప్పై ఇద్దరూ ఇచ్చారు. బూని రబ్బరు ఏప్రన్ కట్టుకుని తన చోట కూర్చునే ఉంది.

"సగం కూలికి చేస్తాను. పేరు రాయకు," అంది బోక్‌తో.

"ఊరంతా నన్ను ఆక్టోపస్ ఓనరు అంటున్నారు పెద్దమ్మా. ఊరికే చేస్తానన్నా కుదరదు."

"ముప్పై నాలుగేళ్ళు చేశాను నీ షెడ్డులో. మీ నాన్న ఉన్నప్పటి నుంచి."

"అయితే మా నాన్ననే వచ్చి పంపమనండి ఆ జాబితా."

ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. బూని అటు తిరిగి చూసింది. ఆమె చూపుకు నవ్వు ఆగే రోజులు పోయాయి. ఈసారి నవ్వు ఆగలేదు. దొక్‌సూన్ తూకం దగ్గర నుంచి, "ఫ్రేము కట్టించుకో అక్కా, ఇప్పుడు నీ పేరు కూడా ప్రభుత్వం రాసుకుంటుంది," అంది.

బూని ఏప్రన్ జేబులోంచి కార్డు తీసి నా చేతిలో పెట్టింది. తడిగా ఉంది. తెచ్చుకునే వచ్చింది.

ఆ నెల ఆమె ఇరవై ఆరు రోజులు పనిచేసింది. ఎలాగూ పేరు పడింది, ఒకరోజైనా ఇరవై రోజులైనా ఒకటే అనుకుంది. అలా కాదని ఆమెకు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. నవంబరు చివర్లో నేను ఆ నెల జాబితా కట్టాను. డబ్బు ఎక్కువ వచ్చినవాళ్ళ నుంచి తక్కువ వచ్చినవాళ్ళ వరకు పేర్లు వరసగా వస్తాయి. తాక్ బూని అన్ని పేర్ల కన్నా పైన ఉంది. రెండో పేరుకీ ఆమెకీ చాలా దూరం. పంపే ముందు ఒకసారి ఆగాను. ఈ నెలది ఎలాగూ పంపాలి. కానీ అప్పుడైనా ఫోన్ చేసి, పెద్దమ్మా, వచ్చే నెల నుంచి పన్నెండు రోజులే చెయ్యి అని చెప్పొచ్చు. బోక్ నంబరు కూడా నా ఎదురుగానే ఉంది. మీట నొక్కి, లేచి అన్నానికి వెళ్ళాను.

జనవరిలో ఉత్తరం వచ్చింది. కార్డు రద్దు.

ఫిబ్రవరిలో బూని మళ్ళీ మా ఆఫీసుకు వచ్చింది. ఈసారి చేతిలో ఏమీ లేదు. మనిషి సగమైంది.

"ఒక కాగితం రాసిపెట్టాలి అమ్మాయ్. డబ్బిస్తాను."

ఊరి ఆఫీసులో ఒక కుర్రాడు జాలిపడి దారి చెప్పాడట. మల్హీ వేరే ఊళ్ళో వేరే గదిలో ఉండాలి. తల్లీకూతుళ్ళు పూర్తిగా తెగిపోయారని, ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదని ఇద్దరూ రాసివ్వాలి. ఎందుకు తెగిపోయారో వివరంగా ఉండాలి. ఇద్దరు సాక్షులు కావాలి. అప్పుడు మల్హీని తల్లి లేని మనిషిగా లెక్కగట్టి ఆమెకొక్కదానికే కార్డు ఇస్తారు.

"పని మానేయకూడదా?" అని అడిగాను.

"మానేసినా మళ్ళీ కార్డు రావడానికి నెలలు పడుతుందట. అప్పటిదాకా ఎట్టాగోలా ఆస్పత్రికి కట్టినా, ఉన్న ఇంటి అద్దె ఎవరు కడతారు? దాని రక్తం వారానికి మూడుసార్లు కడగాలి. అది ఆగదు కదా." ఆమె కుర్చీ అంచు మీద కూర్చుంది. "ఘోరంగా రాయి. నమ్మేట్టు రాయి. ఆ కుర్రాడు చెప్పాడు, మెత్తగా రాస్తే వెనక్కి పంపేస్తారట."

సాక్షుల కోసం ఇద్దరం షెడ్డుకు వెళ్ళాం. మధ్యాహ్నం కాఫీ వేళ. ఆడవాళ్ళు విశ్రాంతి గదిలో, అడుగున వేడి పెట్టిన నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. బూని గుమ్మం దగ్గరే నిలబడి విషయం చెప్పింది. నేను ఆమెను ఎన్నో విధాలుగా విన్నాను గానీ, అడుక్కోవడం అదే మొదటిసారి వినడం.

"ఊరికే సంతకం ఎందుకు అక్కా," అంది దొక్‌సూన్. "సాక్ష్యమంటే సాక్ష్యం చెప్పాలి. కూర్చో. మేం చెబుతాం, ఆ అమ్మాయి రాసుకుంటుంది."

ఇద్దరు చాలు. ఏడుగురు ముందుకొచ్చారు.

"మల్హీ స్కూలు నుంచి ఆలస్యంగా వచ్చిందని మంచులో బయట నిలబెట్టింది," అంది ఒకామె. "రాత్రంతా."

"జ్వరంతో ఉన్న పిల్లని షెడ్డుకు తెచ్చి గుల్లలు మోయించింది," అంది ఇంకొకామె.

"పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళ ముందు, మా పిల్ల తిండికి ముందు పనికి వెనక అంది. వాళ్ళు టీ కూడా తాగకుండా పోయారు."

ఒకరు చెప్పినదానికి ఇంకొకరు కలుపుతున్నారు. తమ కోడలిని బూని అన్న మాట, తమ మొగుడి చావుకొచ్చినప్పుడు అన్న మాట, అన్నీ మల్హీ పేరు మీదికి ఎక్కిస్తున్నారు. నవ్వులు. కాఫీలు ఇంకో విడత కలిపారు. నేను రాస్తున్నాను. బూని గోడకు ఆనుకుని కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటోంది. ఒక్కసారి మాత్రం మధ్యలో మాట్లాడింది.

"మంచులో నిలబెట్టింది రాత్రంతా కాదు. అన్నం వేళ దాకా. కానీ రెండుసార్లు. రెండుసార్లని రాయి."

 దొక్‌సూన్ నాతో, "విన్నావుగా, ఆవిడే చెబుతోంది," అంది. మళ్ళీ మొదలైంది.

అందరూ అయిపోయాక బూని నా వైపు తిరిగింది. "నీదేమైనా ఉందా అమ్మాయ్? ఉంటే అది కూడా రాసెయ్."

ఆమెకు గుర్తొచ్చిందో, నా మొహంలో ఏదైనా కనిపించిందో, ఊరికే అందో నాకు ఇప్పటికీ తెలియదు.

"ఏమీ లేదు పెద్దమ్మా," అన్నాను.

దొక్‌సూన్, ఇంకొకామె సాక్షుల కాగితం మీద ముందే సంతకాలు పెట్టారు. వీళ్ళు చెప్పిన చెత్తలోంచి ఏరి, వరసగా పేర్చి, రెండు పేజీల కాగితం తయారుచేశాను. నా పదిహేనేళ్ళ సర్వీసులో అంత బాగా ఇంకేదీ రాయలేదు.

మల్హీ తన కాగితం ఇవ్వడానికి ఆ వారమే మా ఆఫీసుకు వచ్చింది. అప్పటికే జింజులో గది చూసుకుంది. మొహం బూడిద రంగులో ఉంది, మోచేతి దగ్గర కట్టు. నేను ఆమెకు కూడా ఒకటి రాసి ఉంచాను, తల్లి కాగితానికి సరిపోయేలా. ఆమె దాన్ని చదవకుండానే తిరిగి ఇచ్చేసింది.

"నాది నేనే రాసుకున్నానండీ," అని మడతపెట్టిన కాగితాలు బల్ల మీద పెట్టింది. మూడు పేజీలు, రెండువైపులా.

"మీ అమ్మగారికి చూపించారా?"

"ఆవిడకి చదవడం రాదుగా," అని వెళ్ళిపోయింది.

మర్నాడు బూని వేలిముద్ర వేయడానికి వచ్చింది. రూలు ప్రకారం ఆమె కాగితం ఆమెకు చదివి వినిపించాలి. చదివాను. 'ఈ కూతురి మీద నాకు ఏనాడూ ప్రేమ లేదు. ఆమె బతికినా చచ్చినా నాకు సంబంధం లేదు,' అన్న దగ్గర ఆమె తల ఊపింది. "బాగుంది. దీన్ని నమ్ముతారు," అని ముద్ర వేసి, బొటనవేలు నా టిష్యూకి తుడుచుకుంది. తర్వాత మల్హీ కాగితాల వైపు చూపించింది.

"అదేం రాసింది? చదువు."

"అది మీరు వినాల్సిన అవసరం లేదు."

"చదువు అమ్మాయ్. రెండూ కలవాలి కదా. ఒకదానికొకటి కలవకపోతే వెనక్కి పంపేస్తారు."

చదివాను. మంచులో నిలబెట్టిన సంగతి అందులో లేదు. పెళ్ళిచూపులు లేవు. షెడ్డులో చెప్పిన ఒక్కటీ లేదు. పంతొమ్మిదేళ్ళప్పుడు పూసన్‌లో బేకరీలో ఉద్యోగం దొరికితే, మూడో రోజున అమ్మ వచ్చి, అందరి ముందూ ఏప్రన్ విప్పించి తీసుకొచ్చేసిందని ఉంది. ఆ మూడు రోజులూ ఏ రొట్టెలు చేసిందో పేర్లు రాసింది. తర్వాత కిడ్నీ సంగతి. తల్లి కిడ్నీ సరిపోతుందని డాక్టరు చెప్పాడు. అమ్మ ఒప్పుకుంది. చివరి పరీక్షకు పొద్దున్నే రమ్మన్నారు. మల్హీ ఆస్పత్రి వరండాలో సాయంత్రం దాకా కూర్చుంది. అమ్మ రాలేదు. ఇంటికి వెళితే అమ్మ అన్నం తింటూ, ఇవాళ మూడు బుట్టలు ఎక్కువ ఒలిచానని చెప్పింది. పరీక్ష మాట ఎత్తలేదు. ఆ తర్వాత ఎనిమిదేళ్ళలో ఇద్దరూ ఒక్కసారి కూడా ఎత్తలేదు.

చివరి వాక్యం, 'కార్డు కోసం కాకపోయినా నేను ఈ కాగితం రాసేదాన్ని.'

 బయట ఐసు లారీని ఎవరో వెనక్కి నడుపుతున్న చప్పుడు.

"సీజన్ మంచి జోరులో ఉంది అప్పుడు," అంది బూని.  "అది కాదు. నన్ను కోస్తారంటే భయమేసింది అమ్మాయ్. లోపల చెయ్యి పెట్టి తీస్తారంట. షెడ్డులో కూర్చుంటే భయం పోయింది."

నేను కాగితాలు మడతపెడుతున్నాను.

"ఇది నువ్వు రాసిందే కదా," అంది. "నాది రాసినట్టే దానిదీ నువ్వే రాశావు. నమ్మేట్టు ఉండాలని. అంతే కదా?"

ఆమె అడగడం లేదు. నా చేత అనిపించుకోవాలని చూస్తోంది. అవును పెద్దమ్మా, నేనే రాశాను అంటే చాలు. నేను మల్హీ కోసం రాసిన కాగితం ఇంకా సొరుగులోనే ఉంది, తీసి చూపించినా ఆమె చదవలేదు. రాత తేడా కూడా తెలియదు. ఎవరికీ ఏ నష్టమూ లేదు. బీమా వాళ్ళకీ, పన్నుల వాళ్ళకీ, ఊరి ఆఫీసుకూ ఎవరికీ.

"కాదు," అన్నాను. "నేను ఒక్క మాట కూడా రాయలేదు. అంతా ఆవిడే రాసుకుంది."

బూని తల ఊపింది. కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. డబ్బు ఎంతని అడిగింది. అక్కర్లేదన్నాను. అయినా రెండు నోట్లు బల్ల మీద పెట్టి, మెట్లు దిగింది. ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ పెట్టి దిగిన చప్పుడు కిందిదాకా వినిపించింది.

ఏప్రిల్లో మల్హీకి కార్డు వచ్చింది. ఆ కాగితాలు చూసిన అధికారి ఇంత స్పష్టంగా తెగిపోయిన కేసు ఈ మధ్య చూడలేదన్నాడట.

సీజన్ చివర్లో, మే నెలలో, ఒక ఆదివారం బూని జింజుకు వెళ్ళింది. ఈ సంగతి నాకు బోక్ చెప్పాడు, అతనికి ఇంకెవరో చెప్పారు. ముల్లంగి కిమ్చీ పచ్చడి డబ్బా గుడ్డలో కట్టుకుని, రెండు బస్సులు మారి, చీటీ మీద ఎవరి చేతో రాయించుకున్న అడ్రసు దారిన పోయేవాళ్ళకు చూపించుకుంటూ వెళ్ళి తలుపు కొట్టింది. మల్హీ లోపలే ఉంది. తలుపు తీయలేదు.

"ఎవరైనా చూస్తారు. వెళ్ళిపో," అంది లోపలి నుంచి.

"ఎవరూ లేరే. నేనొక్కదాన్నే."

"వెళ్ళిపోమన్నానుగా."

కార్డుకు భయపడి అన్నదో, కాగితంలో రాసినట్టే అన్నదో బూనికి తెలిసే వీలు లేదు. డబ్బా గుమ్మం పక్కన పెట్టి, వచ్చిన దారినే తిరిగొచ్చింది.

మర్నాడు షెడ్డులో నేనూ ఉన్నాను. నెలాఖరు జాబితా కోసం వెళ్ళాను. బూని తన చోట కూర్చుని ఒలుస్తోంది. చెయ్యి ఇదివరకటి వేగంతోనే ఆడుతోంది. దొక్‌సూన్ తూకం దగ్గర నుంచి, అందరికీ వినిపించేలా అడిగింది.

"నిన్న జింజు బస్సెక్కావంట కదా అక్కా?"

కత్తుల చప్పుడు తగ్గింది.

"కూతురితో ఏ సంబంధమూ లేదని నేను సంతకం పెట్టాను. రేపు వాళ్ళొచ్చి అడిగితే నా పీకకు చుట్టుకుంటుంది. దొంగ సాక్ష్యమని నన్ను లోపలేస్తారు. నాకు మనవలున్నారు. అందుకే అడుగుతున్నా, ఎందుకెళ్ళావు?"

బూని తల ఎత్తలేదు. ఒక గుల్ల తెరిచి, మాంసం బుట్టలో వేసి, చిప్ప పక్కకు విసిరింది.

"నేనెక్కడికీ వెళ్ళలేదు," అంది. "మోకాళ్ళకి పట్టీలు కొనుక్కుందామని మార్కెట్‌కి వెళ్ళాను."

"మరి కూతురు?"

"ఏ కూతురు," అంది బూని. ఇంకో గుల్ల అందుకుంది.

దొక్‌సూన్ నా వైపు చూసింది, విన్నావుగా అన్నట్టు. నేను జాబితాలో రోజులు సరిచూసుకుని, కింద సంతకం పెట్టి, బోక్ చేత కూడా పెట్టించుకుని కారెక్కాను. ఆ తర్వాత బూని జింజు వైపు వెళ్ళిందని ఎవరూ చెప్పలేదు.